లకుముకి పిట్ట - బావురు పిల్లి

పిల్లికి చేపలంటే ప్రాణం, నీళ్లంటే భయం అని మన ఇళ్లల్లో అనుకుంటూ ఉంటాం. ఆ మాటను అబద్ధం చేసే పిల్లి ఒకటి మన కృష్ణాజిల్లాలోనే ఉంది. అదే బావురు పిల్లి. "బావురుమని ఏడ్చాడు" అనని తెలుగువాడు ఉండడు గాని, బావురు పిల్లిని కళ్లారా చూసినవారు బహు కొద్దిమంది.

లకుముకి పిట్ట సంగతి అలా కాదు. మా తోట్లవల్లూరు కరకట్ట మీద నాలుగడుగులు వేస్తే చాలు, తీగ మీదనో, తుమ్మకొమ్మ మీదనో కనిపిస్తుంది. ఇటుకరంగు తల, నీలి వీపు, తెల్లని రొమ్ము, ఎర్రని ముక్కు - పెళ్లికి బయలుదేరినట్టే ఉంటుంది.

రెండింటి వృత్తీ ఒక్కటే. ఒకటి పగటి జాలరి, ఇంకొకటి రాత్రి జాలరి. నలుపు తెలుపు రెక్కల లకుముకిని చూడండి: నీటిపైన గాలిలో ఒక్కచోటనే రెక్కలాడిస్తూ నిలిచి, గురి చూసి, రాయిలా పడుతుంది. పట్టిన చేపను కొమ్మకేసి బాది మింగుతుంది. బావురు పిల్లి ఒడ్డున కదలకుండా కాచుకుని పంజా విసురుతుంది. కావాలంటే బుడుంగున మునుగుతుంది. దాని వేళ్ల మధ్య కొంతమేర పొర ఉంటుంది. లోపలి నూగు ఎంత ఒత్తంటే, నీరు ఒంటికి అంటదు. పిట్ట వంద గ్రాములైనా తూగదు; పిల్లి 5 మొదలు 16 కిలోల దాకా తూగుతుంది.

తేడా అంతా మన చూపులో ఉంది. పిట్ట చేపను ఎత్తుకుపోతే "ఎంత ముచ్చటగా ఉందో!" అంటాం. పిల్లి చేపల చెరువు గట్టెక్కితే దొంగ అంటాం. ఒంటిమీది మచ్చలు చూసి చిరుత పిల్ల అని భ్రమపడి కర్రలందుకునే వారూ ఉన్నారు. చేపలతో పాటు అది ఎలుకలనూ, పీతలనూ తింటుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

పశ్చిమ బెంగాల్ ఈ పిల్లిని తన రాష్ట్ర జంతువుగా గౌరవించింది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం దీనిని మొదటి షెడ్యూలులో చేర్చింది. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవులను 1989లో అభయారణ్యం చేశారు. అయితే, చెరువు గట్టుకు చట్టం వచ్చి కాపలా కాయదు కదా!

పిట్ట ఏటిగట్టు మట్టిలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. పిల్లికి మడ అడవి నీడ కావాలి. గట్టు తెగితే పిట్టకు గూడు లేదు. మడ నరికితే పిల్లికి చోటు లేదు. ఆ మడే సముద్రపు పోటుకు మనకూ అడ్డుగోడ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమ వారికి ఆ అడ్డుగోడ విలువ వేరే చెప్పాలా? పిట్టకు ఇచ్చే ముచ్చటలో సగమైనా పిల్లికి ఇస్తే, లాభపడేది మనమే.