పీక్ ఎందుకు వెనక్కి జరిగింది?

జీడిమెట్లలోనో పరవాడలోనో మందుల కంపెనీ నాణ్యత పరీక్షల (క్యూసీ) ఉద్యోగానికి వెళ్లే కెమిస్ట్రీ విద్యార్థికి హెచ్‌పీఎల్‌సీ గురించి ప్రశ్నలు తప్పవు. మాత్రలో మందు ఎంతుందో, మలినాలేమున్నాయో తేల్చే పరికరం అది. ఖరీదైనది. కాలేజీలో ఒకటున్నా క్లాసంతా చుట్టూ నిలబడి చూడాల్సిందే. పదార్థాలను వేరుచేసే గొట్టం, అంటే కాలమ్, కుదురుకోవడానికి అరగంట, ఒక్కో రన్‌కు పది పదిహేను నిమిషాలు. ఇక ‘ఇలా మారిస్తే ఏమవుతుంది?’ అని అడిగే తీరిక ఎవరికుంటుంది?

ఆ తీరికను కంప్యూటర్‌లో పరికరాన్ని అనుకరించే సిమ్యులేటర్ ఇస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా పరిశోధకులు తయారుచేసిన హెచ్‌పీఎల్‌సీ సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. అందులోని లెక్కలకు ఆధారం నిజమైన పదార్థాలపై కొలిచిన విలువలే.

ఒక ఉదాహరణ చూద్దాం. 150 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సీ18 కాలమ్. నిమిషానికి ఒక మిల్లీలీటరు ప్రవాహం. కాలమ్‌కు ఏమాత్రం అంటుకోని పదార్థమైనా బయటపడడానికి సుమారు 1.5 నిమిషాలు పడుతుంది. ద్రావకంలో అసిటోనైట్రైల్ 60 శాతం ఉన్నప్పుడు మన మందు కాలమ్‌ను పట్టుకుని మరో 3 నిమిషాలు ఆగిందనుకుందాం. గ్రాఫులో మందును చూపే శిఖరం, అంటే పీక్, 4.5 నిమిషాల దగ్గర వస్తుంది. అసిటోనైట్రైల్‌ను 50 శాతానికి తగ్గిస్తే? కాస్త ఆలస్యమవుతుందంటారు చాలామంది. కానీ ప్రతి 10 శాతానికి ఆ ఆగే సమయం దాదాపు మూడింతలవుతుంది. 3 కాస్తా 9 అయి, పీక్ 10.5కు జరుగుతుంది. 40 శాతంలో 28.5! తెరమీద ఇది క్షణాల్లో కనిపిస్తుంది. అసిటోనైట్రైల్ బదులు మెథనాల్ పెడితే పంపు ఒత్తిడి ఎందుకు పెరుగుతుందో కూడా అక్కడే తెలుస్తుంది: నీళ్లలో కలిసిన మెథనాల్ మరింత చిక్కగా ఉంటుంది.

అయితే విద్యార్థిని ఊరికే మీటలు జరపనిస్తే అది ఆటగా మిగిలిపోతుంది. ముందు ఊహ రాయించాలి. నా దృష్టిలో అసలు పాఠం అదే.

సిమ్యులేటర్‌కు తెలియనివీ చాలా ఉన్నాయి. పంపులో గాలిబుడగ చేరితే ఒత్తిడి ఎగిరెగిరి పడుతుంది. ఫాస్ఫేట్ బఫర్ ఉన్న కాలమ్‌ను నీళ్లతో కడగకుండా అసిటోనైట్రైల్ ఎక్కువగా పంపితే ఉప్పు అవక్షేపంగా ఏర్పడి దారి మూసుకుపోతుంది. శాంపిల్ వడకట్టడం, తూచడం చేతికి రావలసిన పనులు. అందుకే తెరను చూపి పరికరాన్ని ఎత్తేయడాన్ని నేను ఒప్పుకోను.

ప్రాక్టికల్ రికార్డులో మూడు గళ్లు గీయించవచ్చు: విద్యార్థి ఊహించిన సమయం, సిమ్యులేటర్ చెప్పింది, పరికరం ఇచ్చింది. వైవాలో ఆ మూడింటి మధ్య తేడాల మీదే ప్రశ్నలు వేయాలి.