పిల్లల ఫుట్‌బాల్ లీగ్: తోలే ముందు అవ్వనాయినలు అడగాల్సిన ముచ్చట్లు

ఆదివారం పిల్లలను గ్రౌండుకు తోలున్రి అని ఇల్లిల్లు తిరిగితే తల్లిదండ్రులు అడిగేవి రెండే. "ఆడితే ఏమొస్తది?" అని ఒకటి. "కాలో చెయ్యో ఇరిగితే ఎవలు చూస్తరు?" అని ఇంకోటి. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మూడోది గూడ మనసుల ఉంటది గని బయటకు అనరు: "ఎవల పిల్లలతోని ఆడిపిస్తరు?" ఈ మూడింటికి జవాబు చెప్పకుంట "ఆటలు ఆరోగ్యానికి మంచివి" అని ఉపన్యాసం ఇస్తే మన జైనూర్ల ఎవ్వలూ ఇనరు.

నేను జైనూర్ మండలంల చిన్నపిల్లలను ఆడిపిచ్చే పనిల కొన్నేండ్ల సంది ఉన్న. ఈ ముచ్చట తల్లిదండ్రుల కోసమే రాస్తున్న గని, చదివేది మీరు, ఫోన్ల వార్తలు చూసే అన్నలు, అక్కలు. ఇంట్ల గోండి మాట్లాడితే గోండిల, లంబాడీ అయితే లంబాడీల, ఉర్దూ అయితే ఉర్దూల, మీ అవ్వనాయినలకు మీరే చెప్పున్రి. రేపు ఊర్ల లీగ్ పెట్టేది గూడ మీరే కాబట్టి మీరూ చెవినేసుకోవాలె.

లీగ్ వేరు, టోర్నమెంట్ వేరు

మన దిక్కు పోటీ అంటే టోర్నమెంటే. ఎంట్రీ ఫీజు, ఫస్ట్ ప్రైజు, లీడర్ల ఫ్లెక్సీ, మైకుల కామెంటరీ. వాలీబాల్, కబడ్డీ, క్రికెట్, ఏదైనా గంతే. ఇరవై ఏండ్ల పిలగాళ్లకు అది మంచిగనే ఉంటది. పదేండ్ల పోరనికి మాత్రం పనికిరాదు.

లెక్క చూడున్రి. 8 జట్లతోని నాకౌట్ పెడితే మొత్తం 7 మ్యాచ్‌లు. మొదటి ఆటకే 4 జట్లు ఇంటికి. అంటే సగం మంది పిల్లలు పొద్దుగాల లేసి, ఆటోల వచ్చి, అర్ధగంట ఆడి, ఓడిపోయి చెట్టుకింద కూసుంటరు. అదే 8 జట్లతోని లీగ్ పెడితే 28 మ్యాచ్‌లు. గెలిచినా ఓడినా ప్రతి జట్టుకు 7 ఆటలు. వారానికి ఒకటి ఆడినా దగ్గర దగ్గర రెండు నెలలు నడుస్తది. ఓడినోడు వచ్చే ఆదివారం మళ్ల వస్తడు. ఆట వచ్చేది ఆ మళ్ల వచ్చుట్లనే.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018ల చిన్నపిల్లల కోసం 'గోల్డెన్ బేబీ లీగ్స్' అని మొదలువెట్టింది గూడ ఇందుకే. చిన్న గ్రౌండు, జట్టుకు తక్కువ మంది, ఆడపిల్లలు మగపిల్లలు కలిసి ఆడొచ్చు. దాన్ని నడిపేతందుకు పెద్ద క్లబ్బే కానక్కరలేదు, బడి నడపొచ్చు, తల్లిదండ్రులు నడపొచ్చు.

ఇదేం కొత్త తెలివి గాదు. హైదరాబాద్‌ల సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక సారు ఉండె. బడిపంతులు. ఆయన కోచ్‌గ ఉన్నప్పుడే మన దేశం జట్టు 1951ల, 1962ల ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానంల నిలిచింది. ఆ సారు హైదరాబాద్‌ల డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టిండు. బంతిని కాలుకు అంటవెట్టుకొని ఒక్కడే ఉరుకుడు బంద్, పక్కోనికి ఇయ్యాలె. గట్ల పెడితే బక్కపోరనికి, బెరుకు పోరనికి గూడ బంతి అందుతది.

కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "గెలుస్తరా?" అని కాదు. "నా బిడ్డ ఎంతసేపు ఆడుతది?" అని. ప్రతి పిల్ల కనీసం సగం ఆట ఆడాలె అనే రూలు లేకుంటే అది పిల్లల లీగ్ కాదు. గుస్సాడీ కనకరాజు మా మండలం మర్లవాయి మనిషే, 2021ల పద్మశ్రీ వచ్చింది. ఆయన ఎంతమంది పిల్లలకు ఆ ఆట నేర్పిండో మన దిక్కు అందరికి ఎరుకే. దండారిల చిన్నోళ్లను "నీకు రాదు, నువ్వు కూసో" అంటమా? చిన్నోడు తప్పు అడుగు ఏసుకుంటనే పెద్దోళ్ల ఎనక తిరిగి నేర్చుకుంటడు. ఫుట్‌బాల్ గూడ గంతే.

ఏమొస్తది?

దీనికి జవాబు సూటిగ చెప్తున్న. ఆదివారం లీగ్ ఆడితే కొలువు రాదు. ఆ సర్టిఫికెట్‌కు స్పోర్ట్స్ కోటాల విలువ ఉండదు. "మీ పోరన్ని నేషనల్స్‌కు తీస్కపోత, ఇంత కట్టున్రి" అనేటోడు వస్తే అక్కడికక్కడే తిప్పి పంపున్రి.

నిజంగ ఆటల పైకి పోయే తొవ్వ వేరే ఉన్నది, దానికి పైసలు అక్కరలేదు. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌ల సర్కారు క్రీడా పాఠశాలలు ఉన్నయి. అండ్ల నాలుగో తరగతికి తీసుకుంటరు. ఎత్తు, బరువు, ఉరుకుడు, దుంకుడు, మెడిసిన్ బాల్ ఇసురుడు, గిట్ల పరీక్షలు పెట్టి ఎంచుకుంటరు. మీ బిడ్డ మూడో తరగతిల ఉండంగనే బడిల సారును అడుగున్రి. బడి తరఫున అండర్-14, అండర్-17 పోటీలు వేరే జరుగుతయి.

నిజామాబాద్ జిల్లాల తండాల పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టు దాక పోయింది. 2022ల క్రొయేషియాకు పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బుల చేరింది. తండా బిడ్డ పోలేదు అనేతందుకు లేదు. గని ఒక్క సౌమ్యను చూపెట్టి అందరు పిల్లలూ గట్లనే అయితరు అనుడు అబద్ధం. లీగ్‌తోని అందరికీ వచ్చేది వేరే: ఓడుడు నేర్చుకుంటరు, మాట ఇనుడు నేర్చుకుంటరు, ఫోన్ పక్కకు పెడుతరు, ఊరవతల దోస్తులు అయితరు.

దెబ్బ తాకితే, పానం బాగలేకుంటే

ఇది అన్నిటికన్న పెద్ద ముచ్చట. మన ఏజెన్సీ గూడేలల్ల సికిల్ సెల్ ఉన్నది. రక్తంల గుండ్రంగ ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలి లెక్క వంగుతయి, సన్నటి నరాలల్ల ఇరుక్కుంటయి. ఒంట్ల నీళ్లు తగ్గినా, ఎండ దెబ్బ తాకినా, చలి పట్టినా, దమ్ము మించి ఉరికినా ఒళ్లు నొప్పులు ఎగేస్తయి.

ఇండ్ల రెండు రకాలు. ఒకటి జబ్బు, ఇంకోటి లక్షణం మాత్రమే మోసుడు. అవ్వ, నాయిన ఇద్దరూ లక్షణం మోసేటోళ్లయితే ప్రతి కాన్పుల బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, లక్షణం వచ్చే అవకాశం 50 శాతం. లక్షణం మాత్రమే ఉన్న పిల్లలు మంచిగ ఆడుకోవచ్చు, భయం అక్కరలేదు. నీళ్లు, మధ్య మధ్యల ఇరాం ఇయ్యాలె, అంతే. జబ్బు ఉన్న పిల్లలు డాక్టరును అడిగినంకనే ఆడాలె.

2023 జూలై 1న దేశం మొత్తం మీద సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏండ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేసుడు దాని పని. మీ బిడ్డకు పరీక్ష అయిందా? కార్డు ఇచ్చిన్రా? లేకుంటే దవఖానల, ఆశా అక్క దగ్గర అడుగున్రి. లీగ్‌కు తోలేటప్పుడు ఆ సంగతి ఆడిపిచ్చేటోనికి చెవుల చెప్పున్రి. అది దాసుకునే ముచ్చట కాదు, మైకుల చెప్పే ముచ్చట గూడ కాదు. ఆడుకుంట ఆడుకుంట కాళ్లు గుంజుతున్నయి, లేస్తలేను అని పిల్ల అంటే "నాటకాలు చేయకు" అనొద్దు. ఆట ఆపి, నీడకు తెచ్చి, నీళ్లు తాపి, తగ్గకుంటే దవఖానకు తీస్కపోవాలె.

మిగతావి గబగబ చెప్త. పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి నీళ్లు తాపాలె. ఎండకాలం పొద్దున ఎనిమిదిన్నర దాటినంక ఆట వద్దు. ఉరుము ఇనవడితే ఆట బంద్, చెట్టుకిందికి ఉరుకొద్దు, పక్కా ఇంట్లకు పోవాలె, ఆఖరి ఉరుము అయినంక అర్ధగంట ఆగాలె. గోల్‌పోస్టు ఇనుపదైనా వెదురుదైనా భూమిల గట్టిగ పాతాలె. మీద పడి పిల్లలు సచ్చిన సంగతులు వేరే దేశాలల్ల శానా ఉన్నయి. పాతరాకుంటే రెండు రాళ్లు పెట్టున్రి, ఏం తక్కువ కాదు. కొందరు స్టడ్స్ ఏసుకొని, కొందరు వట్టి కాళ్లతోని కలిసి ఆడొద్దు. ఆడితే అందరూ బూట్లు, లేకుంటే అందరూ వట్టి కాళ్లు.

బంతి గూడ చూడాలె. పెద్దోళ్లు ఆడేది 5 నంబర్, 410 నుంచి 450 గ్రాములు ఉంటది. 8 నుంచి 12 ఏండ్ల పిల్లలకు 4 నంబర్ సాలు. చిన్నోళ్లతోని తలకాయతోని కొట్టిపియ్యొద్దు. అమెరికాల ఫుట్‌బాల్ సమాఖ్య పదేండ్ల లోపు పిల్లలకు ఆ హెడ్డింగ్ 2015లనే బంద్ పెట్టింది. తలకు దెబ్బ తాకి కండ్లు తిరుగుతున్నయి, వాంతికి వస్తున్నది అంటే ఆ దినం మళ్ల ఆడిపియ్యొద్దు, డాక్టరుకు చూపెట్టాలె.

వయసు గూడ అడుగున్రి. పన్నెండేండ్ల లోపు అని పేరు పెట్టి మీసాలు వచ్చినోన్ని దింపుడు మన దిక్కు కొత్త కాదు. గెలుపు కోసం ఒక్కడు అబద్ధం చెప్తే కాలు ఇరిగేది ఇంకో పోరనిది.

ఎవల పిల్లలతోని ఆడిపిస్తరు?

ఇగ మనసుల ఉన్న ప్రశ్నకు వద్దాం. 2024 సెప్టెంబర్‌ల జైనూర్ల ఏమైందో అందరికి ఎరుకే. ఒక ఆదివాసీ ఆడబిడ్డ మీద దాడి, దాని ఎనక గొడవలు, కాలిన దుకాణాలు, ఊరు నిండ పోలీసులు, నెట్ బంద్. కేసులు కోర్టులు చూసుకుంటయి. గని ఒకే బజార్ల తిరిగే పిల్లలు ఒకల మొకం ఒకలు చూసుకునే తీరు మారింది. అది మనమే చూసుకోవాలె.

గూడెం పేరు మీద ఒక జట్టు, తండా పేరు మీద ఒక జట్టు, మొహల్లా పేరు మీద ఒక జట్టు కడితే ఏమైతది? గోల్ పడ్డప్పుడు ఒక పోరడు గెలువడు, ఒక కులమో మతమో గెలుస్తది. పక్కన నిలవడ్డ పెద్దోళ్లు కేకలు పెడుతరు. ఆడికేలి గొడవ ఎంత దూరం? అందుకే నేను ఒక్క రూలు గట్టిగ పట్టుకుంట: చిట్టీలు రాసి కలిపి జట్లు కట్టాలె. గోండు పిల్ల, ముస్లిం పిల్ల, లంబాడీ పిల్ల, మరాఠీ పిల్ల ఒకే రంగు బనీను ఏసుకోవాలె. జట్టుకు నెమలి, పులి, ఇప్పపువ్వు అని పేర్లు పెట్టున్రి, ఊరి పేరు, కులం పేరు వద్దు. బంతి కావాలంటే పక్కోని పేరు పెట్టి పిలువాలె. ఏడు ఆదివారాలు పేరు పెట్టి పిలిచినోన్ని ఎనిమిదో వారం "ఆళ్లు" అనుడు అంత అల్కగ రాదు.

దీనికి ఇంకో రూలు తోడు కావాలె. లైను అవతల పెద్దోళ్లు తిట్టినా, రెఫరీ మీదికి పోయినా ఆట ఆపెయ్యాలె. పెద్దోళ్లు మంచిగ ఉంటేనే మళ్ల మొదలు. పిల్లలే తమ నాయినలను సముదాయిస్తరు, చూడున్రి.

ఆడపిల్లలు, జాగ్రత్తలు

బిడ్డను తోలేతందుకు భయం ఉన్నదంటే ఆ భయాన్ని ఎక్కిరియ్యొద్దు. పద్ధతి అడగాలె. గ్రౌండుల ఎప్పుడూ ఇద్దరు పెద్దమనుషులు ఉండాలె, అండ్ల ఒక ఆడమనిషి ఉండాలె. ఏ పిల్లనూ ఒక్కదాన్నే బండి మీద తీస్కపోవద్దు. పోయే ఆటో ఎవలది, ఎన్ని గంటలకు ఇల్లు చేరుతరు అనేది ముందుగాలనే చెప్పాలె. బట్టలు మార్చుకునే చోటు, బాత్రూం ఉన్నయా? పిల్లల ఫోటోలు ఇంటోళ్లను అడగకుంట స్టేటస్‌ల పెట్టొద్దు. ఏదన్న అనుమానం ఉంటే 1098కి ఫోన్ చెయ్యొచ్చు, అది పిల్లల హెల్ప్‌లైన్.

ఇగ టైము. పత్తి ఏరే రోజులల్ల పొద్దంత ఆట పెడితే పేదింటి పిల్లలే రారు. దండారి దినాలల్ల, నాగోబా జాతర అప్పుడు పెడితే ఎవ్వలూ రారు. ఆశ్రమ పాఠశాలల పిల్లలు హాస్టల్ దాటి రాలేరు కాబట్టి వాళ్ల దగ్గరికే ఆట పోవాలె, హెడ్‌మాస్టరు ఒప్పుకుంటేనే. జాగ కోసం ఎతుకక్కరలేదు. 2022 జూన్‌ల మొదలువెట్టిన క్రీడా ప్రాంగణాలు ఊర్లల్ల ఉన్నయి. చానా చోట్ల బోర్డు ఉన్నది, గడ్డి ఉన్నది, పిల్లలే లేరు. నలుగురు పారలు పట్టుకుంటే ఒక్క పూటల సాఫైతది.

ఆఖరికి ఒక్క మాట. ఈ ప్రశ్నలన్ని అడిగితే కోపానికి వచ్చే మనిషి దగ్గరికి మీ బిడ్డను తోలకున్రి. కూసోవెట్టి ఒక్కొక్కదానికి జవాబు చెప్పేటోడు దొరికితే మాత్రం ఆలోచన చేయకున్రి. పిల్లను తోలున్రి, వీలైతే మీరూ పోయి నీళ్ల బిందె దగ్గర నిలవడున్రి. లీగ్‌కు కోచ్ కన్న ముందు కావాల్సింది ఆ నీళ్లు ఇచ్చే మనిషే.