జవాబు టీచరుకూ తెలియని పాఠం

1984లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఆన్ ఆర్బర్ అనే పట్టణంలో కొందరు హైస్కూలు పిల్లలకు హెపటైటిస్-ఏ సోకింది. హ్యూరాన్ నదిలో విండ్‌సర్ఫింగ్ ఆడి వచ్చిన పిల్లలు వాళ్లు. ఆ నది పేరే పెట్టుకున్న హ్యూరాన్ హైస్కూల్లో బయాలజీ చదివే తోటి విద్యార్థులకు అనుమానం వచ్చింది. జబ్బు ఆ నీళ్ల నుంచే అంటుకుందా? ఇలాంటి ప్రశ్నను ఎక్కడైనా మున్సిపాలిటీకో, ఆస్పత్రికో వదిలేస్తారు. అక్కడ మాత్రం అది క్లాసులో పాఠమైంది. మిషిగన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ విలియం స్టాప్, ఆయన దగ్గర చదువుకునేవాళ్లూ తోడు వచ్చారు. పిల్లలు సీసాలు పట్టుకుని నది ఒడ్డుకు వెళ్లారు.

నీళ్లలో మలం ద్వారా చేరే కోలిఫాం బాక్టీరియా ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా కనిపించింది. వాన పడ్డాక మరీ ఎక్కువైంది. ఈ రెండో సంగతే దారి చూపించింది. వాన కురిస్తే నదిలోకి ఉరికేది వీధుల వెంట ఉన్న వాననీటి కాలువల నీరు. అంటే ఆ కాలువల్లో ఎక్కడో మురుగు కలుస్తోంది. లోపం చివరికి అక్కడే బయటపడింది.

స్టాప్ సామాన్యుడు కాదు. 'పర్యావరణ విద్య' అంటే ఏమిటో 1969లోనే నిర్వచనం రాసిన వాళ్లలో ఆయనొకరు. తర్వాత యునెస్కోలో ఆ విభాగానికి తొలి డైరెక్టరుగా పనిచేశారు. హ్యూరాన్ అనుభవంతో 1987లో ఆయన బృందం డెట్రాయిట్ మీదుగా పారే రూజ్ నదికి మళ్లింది. ఫోర్డ్ కార్ల కర్మాగారం పక్కనుంచి వెళ్లే ఆ నదిలో నూనె ఎంతగా పేరుకుందంటే, 1969లో నీటి మీద మంటలే లేచాయి. అదే నదికి ఎగువన సంపన్నుల కాలనీల బడులున్నాయి, దిగువన నగరం నడిబొడ్డున పేదల బడులున్నాయి. రెండు చోట్ల పిల్లలూ నీళ్లు పరీక్షించి, ఫలితాలను కంప్యూటర్ల ద్వారా ఒకరికొకరు పంపుకున్నారు. ఇంటర్నెట్ ఇంటింటికీ రాని రోజులవి. 1989 నాటికి ఈ పని 'గ్రీన్' అనే అంతర్జాతీయ నదుల విద్యా వేదికగా మారింది.

ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. పాఠం మొదలైన రోజున జవాబు టీచరుకు కూడా తెలియదు. ఆరుబయట పర్యావరణం చెప్పడంలో కిటుకంతా అందులోనే ఉంది. పిల్లల్ని బస్సెక్కించి జూపార్కుకు తీసుకెళ్లి, పులిహోర పొట్లాలు పంచి, మర్నాడు వ్యాసం రాయించడం మంచి పనే. కానీ దాని పేరు విహారయాత్ర. పిల్లలు ఏదైనా కొలవాలి, కొలిచింది రాసుకోవాలి, రాసుకున్నది పక్కవాళ్ల లెక్కతో కలవకపోతే వాదులాడుకోవాలి. క్షేత్ర అధ్యయనం అనే పేరు అప్పుడే దానికి తగుతుంది.

కొలవడం అంటే ఏమిటో చూద్దాం. మిషిగన్ పిల్లలు నీటికి తొమ్మిది పరీక్షలు చేసేవారు. నీటిలో కరిగిన ఆక్సిజన్, కోలిఫాం, పీహెచ్, బీఓడీ (నీటిలోని మలినాలు కుళ్లేటప్పుడు ఖర్చయ్యే ఆక్సిజన్), ఉష్ణోగ్రతలో తేడా, ఫాస్ఫేట్లు, నైట్రేట్లు, మడ్డితనం, మొత్తం ఘనపదార్థాలు. వీటన్నిటినీ కలిపి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. నదికి ప్రోగ్రెస్ కార్డు లాంటిదన్నమాట. ఏ పరీక్షకు ఎంత బరువు ఇవ్వాలో 1970లో అక్కడి సంస్థ ఒకటి 142 మంది నిపుణులను అడిగి తేల్చింది. అన్నిటికంటే పెద్దపీట కరిగిన ఆక్సిజన్‌కు దక్కింది.

ఆ ఆక్సిజన్‌ను కొలిచే పాత పద్ధతిని 1888లో హంగరీ రసాయన శాస్త్రవేత్త వింక్లర్ కనిపెట్టాడు. ఇప్పటికీ దాన్ని మించిన పాఠం దొరకదు. సీసాను గాలిబుడగ లేకుండా నీటితో నింపాలి. మాంగనీస్ సల్ఫేట్, ఆపైన క్షారం కలిపిన పొటాషియం అయొడైడ్ వేయాలి. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. అప్పుడు యాసిడ్ పోస్తే మడ్డి కరిగి అయొడిన్ బయటికొస్తుంది. స్టార్చ్ చుక్క వేసి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తే, నీలం రంగు పోయిన చోట లెక్క దొరుకుతుంది. యాసిడ్ పని టీచరే చేయాలి, కళ్లద్దాలు తప్పనిసరి. అయినా తెలుపా, గోధుమా అన్న ఆ ఒక్క క్షణం కోసం క్లాసంతా సీసా చుట్టూ మూగుతుంది.

ఆక్సిజన్ సంగతి మన కోస్తా పిల్లలకు కొత్తేమీ కాదు. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతు ఇంట్లో 'డీఓ (కరిగిన ఆక్సిజన్) పడిపోయింది' అన్న మాట ఎలాంటి కంగారు పుట్టిస్తుందో వాళ్లకు తెలుసు. పగలు నాచు, నీటిమొక్కలు ఎండలో ఆక్సిజన్ వదులుతాయి. చీకటి పడ్డాక చెరువులో ఉన్నవన్నీ దాన్ని పీల్చుకునేవే. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, ఏరేటర్లు రాత్రంతా తిరగాల్సి వస్తుంది. దీనికి ఎండాకాలం తోడైతే ఇంకా చిక్కు. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నర దగ్గరికి దిగిపోతుంది. ఒక చెరువు నీటిని పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి కొలిచి పక్కపక్కన రాస్తే చాలు. కిరణజన్య సంయోగక్రియ పాఠానికి అంతకంటే ఏం కావాలి? పైగా ఈ పాఠంలో టీచరు కంటే చెరువు రైతు కొడుక్కో, కూతురికో ఎక్కువ తెలిసి ఉండొచ్చు.

రసాయనాలు లేని బడికీ దారులున్నాయి. వాగు అడుగున రాళ్లు తిరగేసి, జల్లెడలో పురుగుల్ని పట్టి చూడటం ఒకటి. కొన్ని కీటకాల పిల్లపురుగులు శుభ్రమైన, ఆక్సిజన్ నిండిన నీటిలోనే బతుకుతాయి. దోమల్లాంటి కీటకాల ఎర్రటి పిల్లపురుగులు, కొన్ని జలగలు మురికినీ తట్టుకుంటాయి. వాటిని బట్టి నీటికి మార్కులు వేసే పద్ధతి బ్రిటన్‌లో 1970ల చివర్లో రూపుదిద్దుకుంది. అక్కడి జాబితాను ఇక్కడ యథాతథంగా వాడితే మాత్రం లెక్క తప్పుతుంది. మన వాగుల పురుగులు వేరు.

గాలికైతే చెట్ల బెరడు మీద మచ్చల్లా పెరిగే, చెడు గాలిని చాలావరకు తట్టుకోలేని లైకెన్లు ఉన్నాయి. పారిస్ నగరంలో మిగతా చోట్ల లేని లైకెన్లు లక్సెంబర్గ్ తోటలో మాత్రం ఉన్నాయని లైకెన్ల శాస్త్రవేత్త విలియం నిలాండర్ 1866లో రాశాడు. గాలి నాణ్యతను కొలిచే యంత్రాలేవీ లేని కాలంలో ఆయనకు పనికొచ్చింది చూపు ఒక్కటే. హైవే పక్క వేపచెట్టు బెరడునూ, ఊరి చివర తోపులోని వేపచెట్టు బెరడునూ పోల్చడానికి భూతద్దం, దారంతో కట్టిన చిన్న చట్రం సరిపోతాయి.

ఇక మన దేశం సంగతి. న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991 నవంబరులో చెప్పింది. బడుల్లో ఎకో క్లబ్బులు నడిపే నేషనల్ గ్రీన్ కోర్ 2001–02లో వచ్చింది. పుస్తకాలు వచ్చాయి, పరీక్షా వచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు చాలా ఏళ్లుగా పర్యావరణ విద్య పరీక్ష రాస్తూ వచ్చారు. పాసైతే చాలు, ఆ మార్కులు మొత్తంలో కలవవు. అలాంటి పరీక్షకు ఎవరెంత చదువుతారో ఇంటర్ చదివిన ఎవరినడిగినా చెబుతారు. కోర్టు ఆదేశంతో పుస్తకం వస్తుంది గానీ, పిల్లాడు వాగు దగ్గరికి వెళ్తాడన్న హామీ రాదు.

వెళ్లిన చోట్లు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. పిల్లలు పొలాల వెంట తిరిగి ఆకులు, పురుగులు, మట్టి పోగేసి, ప్రయోగాలు చేసి, ఏం తేలిందో తామే రాసుకునేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రయోగాలకూ పరీక్ష ఉండేది. జవాబు దొరకని ప్రశ్నలకు 'సవాలీరామ్' అనే కల్పిత వ్యక్తి పేరున ఉత్తరం రాస్తే బదులొచ్చేది. టీచరు 'నాకు తెలియదు, చూద్దాం' అనడం అక్కడ నామోషీ కాలేదు. దాదాపు వెయ్యి బడులకు పాకిన ఆ కార్యక్రమాన్ని ప్రభుత్వం 2002లో ఆపేసింది. మంచి పద్ధతి కూడా ఒక్క ఉత్తర్వుతో ఆగిపోగలదు.

మన దగ్గర మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ స్కూలు మరో ఉదాహరణ. కరవు నేలలో ఏళ్ల తరబడి చెట్లు నాటి, నీటిని నిలిపిన ఆ లోయ 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతమైంది. రాతిగుట్టల్లో మాత్రమే కనిపించే పసుపుగొంతు పికిలిపిట్ట కోసం దూరం నుంచి వచ్చేవాళ్లున్నారు. అయితే అది వసతులున్న ప్రైవేటు బడి. ఒక్కో తరగతికి అరవై మంది, నలభై ఐదు నిమిషాల పీరియడు, గేటు దాటితే హెడ్‌మాస్టరు అనుమతి, నీటి దగ్గరికైతే తల్లిదండ్రుల భయం ఉండే జిల్లా పరిషత్ హైస్కూలుకు దాన్ని నమూనాగా చూపడం అన్యాయం. నీటి భయం సబబైనదే. ఈత రాని పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకూడదు, ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా తీసుకెళ్లకూడదు.

అలాంటి బడికి గేటు దాటక్కర్లేని పని ఉంది. 2010లో మొదలైన 'సీజన్‌వాచ్' కార్యక్రమంలో పిల్లలు ఒక చెట్టును ఎంచుకుని, వారానికోసారి చిగురు, పువ్వు, కాయ ఎంత ఉన్నాయో నమోదు చేస్తారు. కేరళ బడులు ఇందులో ముందున్నాయి. అక్కడ విషు పండక్కి పూయాల్సిన రేలపూలు ముందే పూస్తున్నాయా అన్నది అందరికీ ఆసక్తి ఉన్న ప్రశ్న. మనకు సరిగ్గా అలాంటిదే ఉగాది వేపపూత. 'ఈ ఏడు పూత ముందే వచ్చింది' అని పెద్దలు అంటుంటారు. ఎన్ని రోజులు ముందు? తారీఖు వేసి రాసిపెట్టుకున్న ఇళ్లు ఎక్కడోగానీ కనిపించవు. బడి ఆవరణలో ఒక వేప, ఒక చింత, ఒక కానుగ ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లలు ఆ పని మొదలుపెట్టొచ్చు. ఉగాది తిథి ప్రకారం ఏటా వేరే తేదీన వస్తుంది కాబట్టి, పండగతో కాకుండా క్యాలెండరు తేదీతోనే పోల్చాలి. ఒక్క ఏడాది లెక్కతో ఏమీ తేలదు. పదో తరగతి అయిపోయిన బ్యాచ్ ఆ నోటుబుక్కును తర్వాతివాళ్లకు అప్పగించాలి. అందులో చెట్టు నంబరు, చూసిన తేదీ, చూసినవారి పేరు ప్రతి పేజీలోనూ ఉండాలి. వేసవి సెలవుల్లో ఎవరు చూస్తారన్నది ముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే వేపకాయ పండటం మొదలయ్యేది ఆ సెలవుల్లోనే.