మైన్‌ట్స్ నుంచి విమానమెక్కిన హీలియం

ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఉన్న మైన్‌ట్స్ పేరు చెబితే మనవాళ్ళకి అచ్చుయంత్రం గుటెన్‌బర్గ్ గుర్తొస్తాడు. నాకు మాత్రం హీలియం గుర్తొస్తుంది. కారణం, ఊళ్ళో మా నాన్నగారి ఆయాసం.

గాలి ఊపిరితిత్తుల్లో ఎక్కడిదాకా వెళ్తోందో, ఎక్కడ ఆగిపోతోందో ఎక్స్‌రే చెప్పదు. మామూలు ఎమ్మారై ముఖ్యంగా నీటిలోని హైడ్రోజన్‌ని చూస్తుంది. అక్కడేమో ఉన్నదంతా గాలే!

మరి పీల్చే వాయువునే బొమ్మ తీస్తే? వాయువు పల్చన. పైగా ఎమ్మారై అయస్కాంతంలో పెట్టినా కేంద్రకాల స్పిన్‌లు దాదాపు సగం ఇటు, సగం అటు తిరిగి చెల్లుకు చెల్లు అయిపోతాయి. మిగిలే తేడా పది లక్షలకి ఏ నాలుగో అయిదో. దాన్ని లేజర్‌తో సగానికి పైగా పెంచడమే హైపర్‌పోలరైజేషన్.

మైన్‌ట్స్ విశ్వవిద్యాలయంలో ఎర్న్‌స్ట్ ఒట్టెన్, వెర్నర్ హైల్ బృందం దీన్ని మొదలుపెట్టింది రోగుల కోసం కాదు, భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం. హీలియం-3ని వాతావరణ పీడనంలో సుమారు వెయ్యోవంతు దగ్గర ఉంచి, విద్యుత్తుతో వెలిగించి, 1083 నానోమీటర్ల లేజర్ కాంతి పంపుతారు. స్పిన్‌లు ఒక వరసలోకొస్తాయి. ఇక ఆ వరస చెదరకుండా పిస్టన్‌తో వాయువుని కుదించాలి. అసలు పనితనం అక్కడుంది.

1996లో మైన్‌ట్స్, హైడెల్‌బర్గ్ శాస్త్రజ్ఞులు మనిషి ఊపిరితిత్తుల బొమ్మలు లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. (అంతకు రెండేళ్ళ ముందే అమెరికాలో జినాన్‌తో ఎలుక ఊపిరితిత్తులు చూశారు.) గాజు బుడ్డిలో ఈ స్పిన్‌లు రోజుల తరబడి నిలుస్తాయి కనుక, అయస్కాంత క్షేత్రం ఉన్న పెట్టెల్లో పెట్టి ఇంగ్లండుకీ, చివరికి ఆస్ట్రేలియాకీ విమానంలో పంపారు. ఆవకాయ పార్సిలుకే తంటాలు పడే మనకి ఇది వింతే!

కానీ హీలియం-3 దొరికేది అణ్వాయుధాల కోసం తయారైన ట్రిటియం క్షీణించినప్పుడు. 2001 దాడుల తర్వాత అమెరికా ఓడరేవుల్లో న్యూట్రాన్‌లని పసిగట్టే పరికరాలకి దాన్ని విపరీతంగా వాడేశారు. 2008-09 నాటికి కొరత, ధర ఆకాశానికి. వైద్య పరిశోధకులు జినాన్-129 వైపు మళ్ళారు. సంకేతం బలహీనమే గాని, అది గాలిలోంచే దొరుకుతుంది. రక్తంలోకి కరుగుతుంది కూడా. గాలి రక్తంలోకి దాటుతోందా లేదా అన్నదీ తెలుస్తుందన్నమాట. 2022 డిసెంబరులో అమెరికా దీన్ని 12 ఏళ్ళు, ఆ పైబడినవారికి అనుమతించింది.

ఇదంతా నాన్నగారికి ఫోన్లో ఉత్సాహంగా వివరించాను. వాయువు పీల్చి, బొమ్మ తీసే పది, పదిహేను సెకన్లూ ఊపిరి బిగబట్టాలని చెప్పాను.

"అన్ని సెకన్లు బిగబట్టగలిగితే నాకీ డాక్టర్లెందుకురా?" అన్నారాయన.