ఉక్కు ఊరి మీద హక్కు ఎవరిది? యంగ్‌స్టౌన్ చెప్పే కథ

ఈరోజు ఎపిసోడ్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి వెళ్దాం.

1977 సెప్టెంబర్ 19, సోమవారం. యంగ్‌స్టౌన్ షీట్ అండ్ ట్యూబ్ అనే స్టీల్ కంపెనీ, తన క్యాంప్‌బెల్ వర్క్స్‌ని చాలావరకు మూసేస్తున్నాం అని ప్రకటించింది. ఒక్క దెబ్బకి దాదాపు 5,000 ఉద్యోగాలు పోయాయి. అక్కడి జనం ఆ రోజుని ఇప్పటికీ ‘బ్లాక్ మండే’ అనే పిలుస్తారు.

లేఆఫ్స్ మనకేం కొత్త కాదు కదా అనిపించొచ్చు. కానీ తేడా ఉంది. ఐటీలో ఉద్యోగం పోతే ల్యాప్‌టాప్ ఇచ్చేసి ఇంకో కంపెనీకి అప్లై చేస్తాం. ఇక్కడ ఊరే ప్లాంట్ వల్ల పుట్టింది. క్యాంప్‌బెల్ అనే చిన్న ఊరినే తీసుకోండి. దాని పాత పేరు ఈస్ట్ యంగ్‌స్టౌన్. 1916 జనవరిలో అక్కడ సమ్మె జరిగింది, కాల్పులు జరిగాయి, షాపులు తగలబడ్డాయి. ఆ గొడవ తర్వాత కార్మికుల కోసం కంపెనీయే కాంక్రీట్ ఇళ్లు కట్టించింది. 1920లలో ఊరి పేరు కూడా మారిపోయింది. ఎవరి పేరు పెట్టారో తెలుసా? కంపెనీ ఛైర్మన్ జేమ్స్ క్యాంప్‌బెల్ పేరు! ఇల్లు, జీతం, ఊరి పేరు, అన్నీ ఒకే గేటు లోపలి నుంచి వచ్చినవే.

మరి ఎందుకు మూతపడింది? కార్మికులు సరిగ్గా పని చేయకా? కాదు. జపాన్ లాంటి దేశాలు కొత్త ఆక్సిజన్ ఫర్నేస్‌లతో తక్కువ టైమ్‌లో స్టీల్ తీస్తుంటే, ఇక్కడ ఇంకా పాత ఓపెన్ హార్త్ కొలిమిలే నడిచాయి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఏళ్ల తరబడి అప్‌గ్రేడ్ చేయని లెగసీ సిస్టమ్. పైగా పక్కనున్న మాహోనింగ్ నది చాలా చిన్నది, పెద్ద ఓడలు రావు. 1969లో లైక్స్ అనే షిప్పింగ్ కంపెనీ ఈ సంస్థని కొనేసింది. ఆ డీల్ అప్పుల భారం కూడా దీని మీదే పడింది. ఇక ఆధునీకరణకి డబ్బులెక్కడివి?

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. జనం ఊరుకోలేదు. చర్చి పెద్దలు, కార్మికులు కలిసి ‘ప్లాంట్‌ని మేమే కొని నడుపుకుంటాం’ అన్నారు. ఊళ్లో వాళ్లు తమ పొదుపు డబ్బుని ‘సేవ్ అవర్ వ్యాలీ’ ఖాతాల్లో వేశారు. కానీ 1979లో ఫెడరల్ ప్రభుత్వం లోన్ గ్యారంటీ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ప్లాన్ అక్కడే ఆగిపోయింది.

అదే ఏడాది యూఎస్ స్టీల్ కూడా అక్కడి తన ప్లాంట్లు మూసేస్తాం అంది. కార్మికులు కోర్టుకి వెళ్లారు. ఇన్నేళ్లు ఒక ఊరు ఒక కంపెనీని నమ్ముకుని బతికితే, ఆ ఊరికి కూడా ఆ ఆస్తి మీద ఏదో ఒక హక్కు ఉండదా? ఈ ప్రశ్నని జడ్జి థామస్ లాంబ్రోస్ స్వయంగా విచారణలో లేవనెత్తారు. కానీ చట్టంలో అలాంటి హక్కు లేదని చివరికి ఆయనే తీర్పు ఇవ్వాల్సొచ్చింది. 1980లో అప్పీల్ కోర్టూ అదే మాట చెప్పింది. 1982లో ఆ బ్లాస్ట్ ఫర్నేస్‌లని డైనమైట్ పెట్టి కూల్చేశారు.

1930లో యంగ్‌స్టౌన్ జనాభా దాదాపు 1,70,000. 2020 లెక్కల్లో 60,000కి కాస్త పైన. మిగిలినవాళ్లకి ఖాళీ ఇళ్లు, గడ్డి మొలిచిన స్థలాలు దక్కాయి.

అయితే ఇలా ఊరు ఊరంతా చెప్పాపెట్టకుండా రోడ్డున పడటం చూశాకే, 1988లో అమెరికాలో వార్న్ చట్టం వచ్చింది. 100 మంది, అంతకు మించి ఉన్న కంపెనీలు పెద్ద ఎత్తున ఉద్యోగులను తీసేయాలంటే మామూలుగా 60 రోజుల ముందు నోటీస్ ఇవ్వాలి. ఈమధ్య అమెరికా టెక్ లేఆఫ్స్ వార్తల్లో ‘వార్న్ నోటీస్’ అని వింటున్నారు కదా, అది ఈ చట్టమే. అక్కడ ఐటీ జాబ్ చేసే మనవాళ్లకి దొరికే ఆ రెండు నెలల వ్యవధి వెనక ఇలాంటి స్టీల్ ఊళ్ల కష్టం ఉంది.

నోటీస్ హక్కు అయితే వచ్చింది. ఊరి హక్కు మాత్రం ఇంకా ప్రశ్నగానే ఉంది. ఆలోచించండి.