తాళంచెవి చేతిలో ఉన్నా ఇంజను ఆగలేదెందుకు?

పోయిన వర్షాకాలంలో ఒక ఉదయం బడి ఆవరణలో నా పాత బజాజ్ స్కూటరు ఒక తమాషా చూపించింది. ఎప్పటిలాగే వేపచెట్టు కింద ఆపి, తాళంచెవి తిప్పి బయటికి తీశాను. ఇంజను ఆగలేదు! తాళంచెవి నా చేతిలో ఉంది. బండి మాత్రం పొగ వదులుతూ మోగుతూనే ఉంది. చుట్టూ చేరిన పిల్లలు ఒకటే నవ్వు. చివరికి సీటు మీద కూర్చుని, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి, నాలుగో గేరు వేసి క్లచ్ వదిలితే ఒక్క కుదుపుతో ఆగింది.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "మాస్టారూ, తాళం తీసేశాక కూడా ఇంజనుకు కరెంటు ఎక్కణ్ణించి వస్తోందండీ?"

మంచి ప్రశ్న. ఇంతలో ధవళేశ్వరంలో ఉన్న మా బావగారి అంబాసిడర్ కారుకు సరిగ్గా దీనికి వ్యతిరేకమైన జబ్బు చేసింది. బ్యారేజీ మీద గతుకు తగిలినప్పుడల్లా ఇంజను ఠక్కున ఆగిపోయేది. వెనక నుంచి లారీ హారను మోగిస్తూంటే ఆయనకు చెమటలు పట్టేవి. తాళంచెవిని వేలితో కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే మళ్ళీ నడిచేది. రెండు బండ్లనూ చూసిన మెకానిక్ ఒకే మాట అన్నాడు: "ఇగ్నిషన్ లాక్ పోయిందండి, మార్చాలి." చెడిన భాగం ఒకటే. ఒక బండి ఆగనంది, మరొకటి నడవనంది. ఎందుకు?

ఇగ్నిషన్ లాక్ అని మనం పిలిచేది నిజానికి రెండు వస్తువుల జంట. ముందు భాగం తాళం. వెనక భాగం విద్యుత్ స్విచ్. ముందు భాగంలో ఒక చిన్న గుండ్రని కడ్డీ ఉంటుంది. దానిలో పలచని ఇత్తడి రేకులు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క రేకునూ ఒక సన్నని స్ప్రింగు పక్కకు నెడుతూ ఉంటుంది. రేకుల అంచులు బయటి గొట్టంలోని గాడిలోకి పొడుచుకు వస్తే కడ్డీ తిరగదు. సరైన తాళంచెవి పెడితే దాని మీది గండ్లు ప్రతి రేకునూ సరిగ్గా కడ్డీ అంచు మట్టానికి తెస్తాయి. అప్పుడు కడ్డీ తిరిగి, వెనకనున్న స్విచ్‌ను తిప్పుతుంది. ఈ ఊహ చాలా పాతది. పూర్వం ఈజిప్టువారు కొయ్య మేకులతో ఇటువంటి తాళాలే చేసుకున్నారు. చదునైన చిన్న తాళంచెవితో తెరిచే తాళాన్ని 1860లలో రూపొందించినవాడు అమెరికావాసి లైనస్ యేల్.

ఇక వెనక భాగానికి వద్దాం. అసలు కథ అక్కడే ఉంది.

పాత పెట్రోలు అంబాసిడర్‌లో స్పార్కుకు కావలసిన కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. బ్యాటరీ నుంచి బయలుదేరి, స్విచ్ గుండా ఇగ్నిషన్ కాయిల్ అనే తీగచుట్టకు చేరుతుంది. కాబట్టి ఇంజను నడవాలంటే స్విచ్ వలయాన్ని మూయాలి. వలయం తెగితే స్పార్కు లేదు, ఇంజను ఆగుతుంది. మన ఇంట్లో దీపం స్విచ్ వంటిదే.

పాత స్కూటరు దారి వేరు. దాని స్పార్కుకు బ్యాటరీతో పని లేదు. ఇంజనుతోపాటు తిరిగే చక్రంలో అయస్కాంతాలు ఉంటాయి. అవి తీగచుట్ట పక్కనుంచి పోయినప్పుడల్లా దానిలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. ఆ కరెంటును పాయింట్లు ఠక్కున తెంచినప్పుడు స్పార్క్ ప్లగ్ దగ్గర వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ దూకుతుంది. దీన్ని మాగ్నెటో అంటారు. ఇంజను తిరిగినంతసేపూ దాని కరెంటును అదే తయారు చేసుకుంటుంది. మరి ఆపడం ఎలా? తీగచుట్ట కొసను బండి శరీరానికి కలిపేయాలి. అప్పుడు పాయింట్లు తెరుచుకున్నా కరెంటు తెగదు. శరీరం గుండా సులువైన దారి ఉంది గదా! స్పార్కు పుట్టదు. అంటే ఈ బండి స్విచ్ వలయాన్ని మూస్తే ఇంజను ఆగుతుంది, తెరిస్తే నడుస్తుంది. కారుకు సరిగ్గా తలకిందులన్నమాట.

మాది నరసాపురం వైపు ఊరు. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి రాగి, ఇత్తడి ముక్కల మీద పచ్చని చిలుము పట్టిస్తాయి. నా స్కూటరు స్విచ్‌లో ఆ చిలుమే అడ్డుపడింది. ఆపే వలయం మూసుకోలేదు. అందుకే తాళంచెవి నా జేబులో ఉన్నా బండి లెక్క చేయలేదు. పిస్టన్ ఇంజనుతో ఎగిరే చిన్న విమానాల్లో ఇప్పటికీ ఇటువంటి మాగ్నెటోలు వాడతారు. స్విచ్ కట్టి ఉన్నా సరే, ప్రొపెల్లరును చేత్తో తిప్పవద్దని అక్కడ నేర్పేది ఇందుకే. ఆపే తీగ ఎక్కడైనా తెగి ఉంటే ఆ రెక్క ఒక్కసారిగా తిరగవచ్చు.

బావగారి కారులో చిలుముకు తోడు అరుగుదల కూడా ఉంది. పదో తరగతివారు ఈ లెక్క చేయండి. కాయిల్ నిరోధం సుమారు 3 ఓములు, బ్యాటరీ 12 వోల్టులు. కరెంటు 4 ఆంపియర్లు. స్విచ్‌లో చిలుము వల్ల 1 ఓము నిరోధం చేరిందనుకోండి. కరెంటు 3 ఆంపియర్లకు పడిపోతుంది. తీగచుట్టలో నిలవుండే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది 16 వంతుల్లో 9 వంతులకు తగ్గుతుంది. అంటే దాదాపు సగం! అంతేకాదు, ఆవగింజంత చోట 9 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి స్ప్రింగు మెత్తబడుతుంది, పట్టు ఇంకా వదులవుతుంది. జబ్బే జబ్బును పెంచుతుంది.

రెండు లాకులనూ మేము ఇంటి దగ్గరే మార్చాం. మీరు చేయదలిస్తే ఇంట్లో పెద్దవారు పక్కన ఉండాలి. కారులో మొదట చేయవలసిన పని, బ్యాటరీ నుంచి కారు శరీరానికి పోయే తీగను విప్పడం. లాక్ వెనక ఒక తీగలో బ్యాటరీ కరెంటు ఎల్లప్పుడూ ఉంటుంది. పాత కార్లలో దానికి తరచు ఫ్యూజు ఉండదు. స్పానరు దానికీ ఇనుప డాష్‌బోర్డుకూ ఒకేసారి తగిలితే తీగ మీది తొడుగు మండిపోతుంది. శరీరపు తీగనే ముందు ఎందుకు విప్పాలి? దాన్ని విప్పేటప్పుడు స్పానరు కారుకు తగిలినా ఏమీ కాదు. రెండూ ఒకే మట్టంలో ఉన్నాయి. రెండో కొసను ముందు విప్పబోతే, అదే స్పానరు నిప్పులు చెరుగుతుంది.

తరువాత ప్రతి తీగకూ చీటీ కట్టాను. రంగులను నమ్మకండి. ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో, ఎవరు ఏ రంగు తీగ అతికారో! లాక్‌ను పట్టి ఉంచిన నట్టు విప్పి, పాతది తీసి, కొత్తది బిగించే ముందు ఒక పరీక్ష చేశాం. టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు తీగలు చాలు. బల్బు వలయంలో స్విచ్ కొసలను కలిపి తాళం తిప్పి చూడాలి. కారు లాక్‌కు "ఆన్"లో బల్బు వెలిగింది. స్కూటరు లాక్‌కు "ఆఫ్"లో వెలిగింది, "ఆన్"లో ఆరిపోయింది. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి చేతనే ఈ పరీక్ష చేయించాను. ఇది బండి నుంచి విడదీసిన లాక్ మీదనే చేయాలి. నడుస్తున్న మాగ్నెటో తీగను ముట్టుకుంటే గట్టిగా షాక్ కొడుతుంది.

కొన్ని బండ్లలో హ్యాండిలును బంధించే తాళం కూడా ఇందులోనే కలిసి ఉంటుంది. అటువంటిది మెకానిక్ చేతనే వేయించాలి. అది సరిగ్గా కూర్చోకపోతే మలుపులో హ్యాండిలు బిగుసుకుపోవచ్చు.

బిగించాక స్కూటరు తాళం "ఆఫ్"లో ఉంచి మూడుసార్లు కిక్ కొట్టాను. ఉలకలేదు. "ఆన్" చేసి కొడితే రెండో కిక్‌కు అందుకుంది. "ఆఫ్" తిప్పగానే ఆగింది. బావగారు మాత్రం బ్యారేజీ మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చాక గాని నా మాట నమ్మలేదు.