పురుగు మందుకు అలవాటు పడుతుందా?

పత్తి రైతుల మధ్య గులాబీ రంగు పురుగు ప్రస్తావన వస్తే తరచూ వినిపించే మాట: "బీటీకి పురుగు అలవాటు పడిపోయింది." తినగా తినగా గొడ్డుకారానికి నాలుక అలవాటు పడినట్టు, విషం తిని తిని పురుగు రాటుదేలిందని దీని అర్థం. జరిగింది అది కాదు. విషానికి లొంగే పురుగు దానికి అలవాటు పడలేదు, చచ్చిపోయింది. ఇప్పుడు కాయల్లో కనబడేవి వేరే పురుగుల సంతానం.

ఆ వేరే పురుగులు ఎక్కడివి? ఇది తెలియాలంటే విషం పనిచేసే తీరు కొంచెం చూడాలి. బీటీ అనేది నేలలో బతికే ఒక బ్యాక్టీరియా. బీటీ పత్తి మొక్కలో దాని జన్యువు ఉంటుంది. దాంతో మొక్క ఒక ప్రొటీన్‌ను తయారుచేసుకుంటుంది. పురుగుకు విషం ఇదే. పురుగు కాయను తొలిచి తిన్నప్పుడు ఈ ప్రొటీన్ దాని పేగు గోడ మీదున్న క్యాధెరిన్ అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. అలా పట్టు దొరికితేనే పేగుకు చిల్లులు పడతాయి. క్యాధెరిన్ ఎలా ఉండాలో చెప్పే జన్యువు పురుగులోనే ఉంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు జన్యువులు అందేటప్పుడు ఎప్పుడో ఒకసారి పొరపాటు దొర్లుతుంది. ఆ పొరపాటు క్యాధెరిన్ జన్యువులో పడితే ప్రొటీన్ రూపం మారుతుంది, విషానికి పట్టు చిక్కదు. బీటీ లేని రోజుల్లో ఇలాంటి పురుగుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ మార్పును విషమే తెచ్చి ఉండొచ్చు కదా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. బ్యాక్టీరియా విషయంలో దీనికి ముచ్చటైన జవాబు 1952లో అమెరికాలో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఇచ్చారు. పళ్లెంలో పెరిగిన బ్యాక్టీరియా మీద మఖమల్ గుడ్డను అద్ది, ఆ గుడ్డనే మందు కలిపిన పళ్లేల మీద అద్దారు. అన్ని పళ్లేల్లోనూ బతికినవి ఒకే చోట్ల ఉన్నాయి. మొదటి పళ్లెంలో, అంటే మందు సోకనే సోకని పళ్లెంలో, సరిగ్గా ఆ చోట్ల వెతికితే మందును తట్టుకునేవి దొరికాయి. మందు వాటిని పుట్టించలేదు. మిగతావాటిని తీసేసింది, అంతే.

చేలో ఇదెలా సాగుతుందో ఊహా లెక్కతో చూద్దాం. లక్ష పురుగుల్లో విషానికి లొంగనివి పది. మిగతావన్నీ చచ్చాయి. ఆ పదే రెక్కల పురుగులై ఒకదానితో ఒకటి జతకట్టాయి. వాటిలో ఐదు ఆడవి నూరేసి గుడ్లు పెడితే ఐదు వందల పిల్లలు, అన్నీ విషానికి లొంగనివే. నిన్న పదివేలకు ఒకటిగా ఉన్న గుణం ఇవాళ చేనంతా నిండింది. పుట్టుకతో తేడాలుండాలి, ఆ తేడా పిల్లలకు అందాలి, తేడాను బట్టి కొందరి సంతానమే ఎక్కువ మిగలాలి. ఈ మూడూ కలిస్తే ఎవరూ కోరకపోయినా జాతి మారుతుంది. 1859లో డార్విన్ ప్రకృతి వరణం అంటూ వివరించింది ఇదే. ఆ మార్పు మన కంటికి అందనంత నిదానమని ఆయన భావించాడు. కానీ ఎండలు బాగున్నప్పుడు గులాబీ రంగు పురుగుకు దాదాపు నెలకో తరం.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు విషాలున్న రకం 2006లో వచ్చింది. మొదటి విషానికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు లొంగడం లేదని 2010లో విత్తన కంపెనీయే ఒప్పుకుంది. మరి నాలుగైదేళ్లకు రెండో విషమూ పోయింది. తర్వాత తెలంగాణ, ఆంధ్ర చేలకూ ఆ తిప్పలు వచ్చాయి.

దీన్ని ఆపే ఉపాయం లేకపోలేదు. పైన చెప్పిన గుణం సాధారణంగా తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే పురుగును కాపాడుతుంది. ఒకరి నుంచే వస్తే పిల్ల బీటీ కాయ తిని చస్తుంది. అందుకే పక్కనే కొంత నాన్ బీటీ పత్తి వేయమన్నారు. అక్కడ విషానికి లొంగే పురుగులు వేలల్లో పెరిగి, బతికిపోయిన ఆ పదింటితో జతకడతాయి. చుట్టూ ఐదు సాళ్లు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది వేయాలని నిబంధన ఉండేది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవారు. వేసినవారు తక్కువే. రైతును తప్పుపట్టడం తేలిక గానీ, రెండెకరాల కౌలు చేలో ఐదో వంతు పురుగుకు వదిలెయ్యమంటే ఎవరు వింటారు? పైగా నీళ్లున్నచోట పంటను ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచడంతో పురుగుకు మరిన్ని తరాలు కలిసొచ్చాయి. అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచి ఏళ్ల తరబడి నాన్ బీటీ పత్తి నిజంగానే వేశారు. ఆ తర్వాత గొడ్డు పురుగులను కోట్లలో వదిలారు కూడా. 2018లో తమ పత్తి చేలలో గులాబీ రంగు పురుగు లేదని ఆ దేశం ప్రకటించుకుంది.

మరొక చిక్కుముడి ఉంది. అదే చేలో, అదే విషం తిన్న శనగపచ్చ పురుగు మాత్రం బీటీకి ఇంతగా ఎదురు నిలవలేదు. కారణం దాని తిండే. కంది, శనగ, టమాటా, మిరప, ఏదైనా దానికి సమ్మతమే. ఆ పంటల్లో బీటీ లేదు కాబట్టి విషానికి లొంగే పురుగులు అక్కడ ఎప్పుడూ పుట్టి పెరుగుతూ పత్తిలోకి వస్తుంటాయి. గులాబీ రంగు పురుగుకు పత్తి తప్ప దాదాపు మరో దిక్కు లేదు. అయితే ఈ శనగపచ్చ పురుగే 1980ల చివర్లో పైరిథ్రాయిడ్ మందులకు లొంగక ఆంధ్ర పత్తి రైతును ముంచింది. ఆ మందును పత్తితో పాటు కంది మీదా, శనగ మీదా కూడా కొట్టేవారు మరి.